కూరవాటా మీద అరచెయ్యి

నా పేరు లంకె సత్తెమ్మ. వయసు డెబ్బయ్యారు. ఆధార్ కార్డులో డెబ్బై అని ఉంటుంది. నేను పుట్టినప్పుడు ఆ కార్డు అక్కడ లేదు, మా అమ్మ ఉంది. అందుకని అమ్మ మాటే రాయించాను. నరసాపురానికి దిగువన, వశిష్ఠ గోదావరి ఒడ్డున మత్స్యకారుల పేటలో మా ఇల్లు. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. చేపల గంపతో పాలకొల్లు వీధులు తిరగడం నా పని. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే, కాలేజీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరైన సుబ్బారావు గారు మా అరుగు మీద కూర్చుని రాస్తున్నారు.

పాలకొల్లులో కాలేజీ పిల్లలకు ముప్పయ్యేళ్లకు పైగా జంతుశాస్త్రం చెప్పిన మా మేడమ్ గారు, కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చిన రెండో వారంలో పోయారు.

ఆ వార్త నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. పొద్దున్నే ఆటో దిగి వాళ్ల వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు షామియానా, మడత కుర్చీలు, గుమ్మం పక్కన కుండలో నిప్పు. మంచు ఇంకా విడవలేదు. ఆ మంచులో మనుషులు నీళ్ల అడుగున నడుస్తున్నట్టు మెల్లగా కదులుతున్నారు. నెత్తి మీది గంప దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డాను. ఆవిడ తమ్ముడు, బజార్లో కిరాణా కొట్టు నడిపే ఆయన, అరుగు మీద నుంచి నన్ను చూశారు.

“నీ చేపే మా అక్కని తినేసింది, సత్తెమ్మా,” అన్నారు.

అరవలేదు ఆయన. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి నా గంప వైపు చూశారు, అందులో ఉన్నది చేపలు కాదు, పాములు అన్నట్టు. వెనక్కి తిరిగి కాలవ గట్టు దాకా నడిచాను. గంప నుంచి నీళ్లు మెడ మీదుగా కారి వీపంతా తడిసింది. ఆ రోజు ఒక్క చేప కూడా అమ్మలేదు.

చేప కాదు. ముందు ఆ మాట రాయమన్నాను.

“రాశాను సత్తెమ్మా. అన్నీ ముందే రాసేస్తే వెనక ఏం రాద్దామంటావ్?” అన్నారు సుబ్బారావు గారు.

“వెనకా అదే రాద్దురుగాని. చెయ్యి నొప్పెడితే చెప్పండి, కాఫీ పెట్టిస్తాను. మాట మాత్రం తగ్గించకండి.”

మేడమ్ గారి పాత విద్యార్థులు ఆవిడ మీద ఒక పుస్తకం వేస్తున్నారు. విద్యార్థులంటే వాళ్లకీ ఇప్పుడు బట్టతలలు. నన్నూ నాలుగు మంచిమాటలు చెప్పమన్నారు. “తాజా చేపలు తెచ్చి ఇచ్చేదాన్ని, చాలా మంచి మనిషి అని చెప్పు మామ్మా, చాలు,” అన్నాడొకాయన. అంత ముచ్చటైన అబద్ధానికి నేను ఒప్పుకోలేదు. ఆవిడ మంచి మనిషే. కానీ ఎలా పోయారో చెప్పకుండా ఎలా బతికారో చెబితే, సగం చేప తూచి ఇచ్చినట్టే. చదివే అమ్మలూ, అయ్యలూ, ఓపిక పట్టి నా మాట వినండి.

మేడమ్ గారు మొదటిసారి నా గంప దగ్గర కూర్చున్న రోజు నాకు బాగా గుర్తుంది. వాళ్లది ఉల్లిపాయ కూడా తిథి చూసి తినే ఇల్లు. అలాంటి ఇంటి మనిషి నేత చీర కట్టుకుని, ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని, చేపల గంప ముందు గొంతుక్కూర్చుంటే పక్క గంపల వాళ్లంతా నోళ్లు నొక్కుకున్నారు.

“దెబ్బ తగలనివి కావాలి. మొప్పలు చిరగకూడదు. పొలుసు రాలకూడదు,” అన్నారు.

“పులుసులోకి పొలుసెందుకండీ?”

“తినడానికి కాదమ్మా. పిల్లలకి చూపించడానికి.”

చేపలు అమ్మడం మొదలుపెట్టాక ఎన్ని రకాల బేరాలో చూశాను గాని చూడ్డానికి చేప కొన్న మనిషిని అప్పుడే చూశాను. అందరూ మొప్ప ఎత్తి ఎర్రగా ఉందా లేదా అని చూసి వదిలేస్తారు. ఆవిడ మొప్పను పువ్వు రేకు విప్పినట్టు విప్పి, వేలి కొన మీద నిలబెట్టి, వెలుతురుకు పట్టి చూపించారు. “ఎంత పల్చటి గోడో చూడు. ఇటు నీళ్లు, అటు రక్తం. ఎవరు లోపలికి రావాలి, ఎవరు బయటికి పోవాలి, అంతా ఈ గోడ మీదే తేలిపోతుంది.” ఆవిడ తరచుగా అనే మాట ఒకటుంది: “సంగతులన్నీ గోడ మీదే జరుగుతాయి సత్తెమ్మా. లోపల జరిగేది వంటే.”

ఆ రోజు నుంచి వారానికోసారి ల్యాబుకు చేపలు, పీతలు, రొయ్యలు నేనే చేరవేసేదాన్ని. ఆవిడ ల్యాబులోకి చెప్పులు వేసుకుని వెళ్లేవారు కాదు. కోసే ముందు చేప నుదుటి మీద ఒక్క వేలు ఆనించేవారు. పిల్లలు వెనక నవ్వుకునేవారు. ఆవిడ పట్టించుకునేవారు కాదు. కళ్లజోడు తల మీదికి తోసేసుకుని, ఊరంతా దాని కోసం వెతికించేవారు. మాట మధ్యలో ఆగిపోయి కళ్లు మూసుకునేవారు, ఎక్కడో దూరంగా వస్తున్న బోటు చప్పుడు వింటున్నట్టు. మళ్లీ కళ్లు తెరిచాక ఆగిన చోటు నుంచే అందుకునేవారు. ఎవరైనా ప్రశ్న అడిగితే, తెలియకపోతే తెలియదనేవారు. “తెలియదన్నది కూడా జవాబే. తప్పు జవాబు కంటే చాలా మంచి జవాబు.”

ఒక మధ్యాహ్నం క్లాసులు అయిపోయాక నా వేలిని సూదితో పొడిచారు.

“ఇదేంటండి, చేపలు తెచ్చినందుకు కూలీయా?”

“ఊరుకో. నీకు నిన్ను చూపిస్తాను.”

ఒక గాజు ముక్క మీద నా రక్తపు చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, నన్ను స్టూలు ఎక్కించారు. ముందు నా కనురెప్పల వెంట్రుకలే కనపడ్డాయి. తరువాత మెల్లగా, తెల్లవారుజామున మంచు విడుతుంటే అవతలి ఒడ్డు కనపడినట్టు, ఒక లోకం కనపడింది. గుండ్రటి బిళ్లలు లెక్కలేనన్ని తేలుతున్నాయి. వాటి మధ్య ఒకటి మాత్రం తేలడం లేదు, పాకుతోంది. సముద్రంలో జిగురు ముద్దలా, రూపం మార్చుకుంటూ, ఏదో వెతుక్కుంటున్నట్టు.

“అది నీ తెల్లకణం. కాపలా తిరుగుతోంది. కాపలా జట్టులో ఇంకా చాలా రకాలు ఉన్నాయి.”

“కళ్లు ఉన్నాయాండి దానికి?”

“లేవు. చేతులున్నాయి. ఒంటి నిండా చేతులే. ఈ అద్దంలో కనపడవు, అంత సన్నం. మాంసకృత్తులతో అల్లిన చేతులు. ఎదురొచ్చిన ప్రతి కణాన్నీ ముట్టుకుని చూస్తుంది. మనవాడివేనా, పరాయివాడివా అని. అవతలి కణానికీ పైన చేతులుంటాయి. ఒక చెయ్యి ‘పట్టుకో’ అంటుంది. ఒక చెయ్యి ‘ఆగు’ అంటుంది. రెండూ కలిస్తేనే ఒళ్లు నిలబడుతుంది. ఆపే చెయ్యి లేకపోతే కాపలావాడు ఇంటివాళ్లనే కొట్టేస్తాడు.”

“మరి అవతలోడు అబద్ధం చెయ్యి చూపిస్తేనండి?”

ఆవిడ స్టూలు పక్కనే నేల మీద కూర్చుండిపోయి నవ్వారు. “ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నా క్లాసులో ఒక్కడూ అడగలేదే!”

సుబ్బారావు గారు ఇక్కడ కలం ఆపి, “నేను అక్కడే ఉన్నాను. నిజమే. నన్ను కూడా ఎప్పుడూ అంతలా మెచ్చుకోలేదు,” అన్నారు. అసూయ మనిషికి ముసలితనంలో కూడా పోదు.

ఇప్పుడు మా కూరవాటా సంగతి చెప్పాలి. మా రేవులో బోటు రాగానే చేపలు గుట్టలుగా పోసి వేలం పాట పెడతారు. పాటకు ముందే ఇంటి కూరకని కొన్ని పక్కకు తీస్తారు. అది కూరవాటా. ఆ గుట్ట మీద బోటువాళ్ల ఇంటామె అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది. నోటితో ఏమీ అనక్కర్లేదు. పాటగాడు గుట్ట గుట్టకూ అరుచుకుంటూ వస్తాడు. చెయ్యి కనపడగానే గొంతు ఆపి, పక్క గుట్టకు దాటిపోతాడు. మా అత్త చెయ్యి వేసింది, నేను వేశాను, ఇప్పుడు నా కోడలు వేస్తోంది.

మేడమ్ గారు ఒక ఆదివారం పిల్లలను వెంటబెట్టుకుని మా రేవుకు వచ్చారు. నా చెయ్యి దగ్గర పాట ఆగడం చూసి గొడుగు కింద పడేశారు. “మళ్లీ వెయ్యి సత్తెమ్మా. పిల్లలూ, ఇటు రండి, చూడండి. ఇదే నేను చెప్పిన ఆపే చెయ్యి.” పాటగాడు తల గోక్కుంటూ మళ్లీ మొదటి నుంచి అరుచుకుంటూ వచ్చాడు. పిల్లలంతా రాసుకున్నారు. నా చేతిని పుస్తకాల్లోకి ఎక్కించిన మనిషి ఆవిడ.

“దొంగ చెయ్యి ఎవరూ వెయ్యరా?” అని అడిగారు.

“ఎందుకు వెయ్యరండి? మా తోడికోడలుంది కదా! నాలుగు చందువాలు కొంగు కిందికి లాగి, పైన చెయ్యేసి, కూరవాటా అనేది. పాటగాడికి చెయ్యే కనపడుతుంది గాని మనసు కనపడదు కదండీ.”

తోడికోడలు ఇప్పుడు లేదు. ఉంటే ఈ మాట రాయించినందుకు నా జుట్టు పట్టుకునేది.

రిటైరయ్యాక మేడమ్ గారు తమ్ముడి ఇంటి మేడ మీద ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. కింద తమ్ముడి సంసారం, పైన ఆవిడ, పుస్తకాలు, గాలికి ఊగే తెల్ల తెరలు. నేను గంప ఖాళీ అయ్యాక మేడ మెట్ల మీద కాసేపు కూర్చుని వెళ్లేదాన్ని. మధ్యాహ్నపు ఎండ తెరల్లోంచి వచ్చి గదంతా పాలు పోసినట్టు ఉండేది. ఆవిడ కళ్లు మూసుకుని మాట్లాడుతుంటే, నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో తెలిసేది కాదు. అలాంటి ఒక మధ్యాహ్నమే చెప్పారు, ఊపిరితిత్తిలో గడ్డ ఉందని. పాఠం చెప్పినట్టే చెప్పారు.

“అది మీ తోడికోడలి లాంటిది సత్తెమ్మా. పైన దొంగ చెయ్యి వేసుకుని కూర్చుంది. కాపలావాళ్లు వచ్చారు, చెయ్యి చూశారు, మనదే అనుకుని దాటిపోయారు.”

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆవిడకు చిరాకు. అందుకని కోపం తెచ్చుకున్నాను. “మందు లేదాండి దానికి?”

“ఉంది. కొత్త రకం. గడ్డని చంపదు. కాపలావాడికి ఆ చెయ్యి కనపడకుండా చేస్తుంది. అప్పుడు పాట ఆగదు.”

“అలాగైతే నిజం కూరవాటా కూడా పాటలో పోతుంది కదండీ?”

ఆవిడ కళ్లు తెరిచి నా వైపు తిరిగారు. “పోవచ్చు. అందరికీ కాదు. కొందరికి. కాపలావాళ్లు ఆగకుండా వెళ్లి పేగు మీద పడతారు, లేకపోతే చర్మం మీద, ఊపిరితిత్తి మీద. అందుకే హాస్పిటల్ వాళ్లు కార్డు ఇచ్చారు. విరేచనాలైనా, ఆయాసమైనా, ఒంటి మీద దద్దురొచ్చినా మొదటి రోజే ఫోన్ చెయ్యాలి. మొదటి రోజే చెబితే అణిచే మందుంది. గుర్తుపెట్టుకో.”

గుర్తుపెట్టుకున్నాను. ఆ సంగతి కూడా రాయండి సుబ్బారావు గారూ. నాకు తెలియదని ఎవరూ అనుకోకూడదు.

మందు ఎక్కించడానికి రాజమండ్రి వెళ్లాలి, మూడు వారాలకోసారి. ఒకసారి తమ్ముడు గారికి కొట్లో తీరిక లేక నేను వెళ్లాను. బస్సు గోదావరి బ్రిడ్జి మీదికి ఎక్కగానే ఆవిడ కిటికీ తెరిపించారు. నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. దూరంగా ఒక పడవ, దేని మీద తేలుతోందో తెలియకుండా ఉంది. హాస్పిటల్లో ఆవిడను ఒక వాలు కుర్చీలో పడుకోబెట్టి సూది గుచ్చారు. పైన సంచిలో మందు, మంచినీళ్లలా ఉంది. బొట్టు బొట్టుగా దిగుతోంది. ఆవిడ నిద్రపోయారు. నాకూ కన్ను అంటుకుంది. కలలో గోదావరి నిండా అరచేతులు తేలుతూ వచ్చాయి, తామరాకుల్లా, వేలకు వేలు. ఒక్కొక్కటే మునిగిపోతోంది. నేను ఒడ్డున నిలబడి, ఏది మునగాలో ఏది మునగకూడదో చెబుదామని నోరు తెరిస్తే మాట రాలేదు. లేచేసరికి ఆవిడ నా వైపే చూస్తున్నారు.

“నిద్రలో పాట పాడేశావు సత్తెమ్మా, నర్సులు నవ్వారు,” అన్నారు.

మందు పని చేసింది. స్కానింగులో గడ్డ సగానికి తగ్గిందన్నారు. మెట్లు ఆగకుండా ఎక్కేవారు. అందుకే చెబుతున్నాను, చదివేవాళ్లు ఆ మందును తిట్టకండి. ఆవిడకు ఆ వేసవిని, ఆ వానాకాలాన్ని ఇచ్చింది అదే.

కానీ తిండి సహించేది కాదు. అన్నం సున్నంలా ఉందనేవారు. మీరు తినగలిగింది ఏదైనా తినండి, బలం కావాలి అన్నారు డాక్టర్లు. ఒక రోజు గొంతు తగ్గించి, “సత్తెమ్మా, ముప్పయ్యేళ్లు మొప్పలు చూశాను. రుచి తెలియకుండా పోతే నా చదువు సగమే కదా,” అన్నారు.

“అయ్య బాబోయ్, మీ తమ్ముడు గారికి తెలిస్తే?”

“నువ్వు చెప్పకు, నేను చెప్పను. చేప ఎలాగూ చెప్పదు.”

కార్తీక మాసం. కింద తమ్ముడి ఇంట్లో పొద్దున్నా సాయంత్రం దీపాలు, ఉపవాసాలు. నేను ప్రతి మంగళవారం కొరమీను పులుసు పల్చగా పెట్టి, స్టీలు క్యానులో పోసి, పైన తోటకూర కట్టలు పరిచి తెచ్చేదాన్ని. ముళ్లు నా వేళ్లతో ఏరి, ముద్ద కలిపి ఇచ్చేదాన్ని. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆవిడ కళ్లు మూసుకున్నారు.

“ఎలా ఉందండి?”

“నది అడుగున కూర్చున్నట్టుంది.”

నాలుగు మంగళవారాలు తిన్నారు. బుగ్గల్లోకి కాస్త నిగ్గు వచ్చింది. నా జన్మలో నా వంటకు అంతకంటే గొప్ప మెప్పు దొరకలేదు.

అయిదో మంగళవారం కూడా పులుసు ఇచ్చి వచ్చాను. గురువారం మళ్లీ వెళ్లాను. మేడమ్ గారు మంచం మీద ఉన్నారు. పెదవులు ఎండిపోయాయి. “నిన్నటి నుంచి ఆరేడుసార్లు వెళ్లాను, సత్తెమ్మా,” అన్నారు.

“బతికున్న చేపండి. నా చేత్తో కోశాను. వాసన కూడా రాలేదండి!”

“చేప కాదే పిచ్చిదానా. మందు. కాపలావాళ్లు పేగు మీద పడ్డారు. హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యాలి.” పక్కన ఉన్న ఫోన్ అందుకున్నారు.

ఆ చేతి మీద నా చెయ్యి వేశాను.

“రెండు రోజులు ఆగండమ్మా. ఫోన్ చేస్తే ఏం తిన్నారని అడుగుతారు. మీరు అబద్ధం చెప్పలేరు. కార్తీకంలో ఇంట్లోకి చేప తెచ్చానని తెలిస్తే తమ్ముడు గారు నన్ను వీధిలో నిలబెడతారు. ఈ ఊళ్లో ఇంక ఒక్క గుమ్మం కూడా నాకు తెరుచుకోదు. దానిమ్మ తొక్క కషాయం తెస్తాను. ఇట్టే కట్టేస్తుందండి.”

ఆవిడ నా మొహం కేసి చూశారు. ఎంతసేపు చూశారో చెప్పలేను. తెరలు గాలికి లేచి, పడి, మళ్లీ లేచాయి. ఆవిడకు అన్నీ తెలుసు. నాకూ ఆవిడే చెప్పారు. అయినా ఫోన్ పక్కన పెట్టేశారు.

“సరే. రెండు రోజులు,” అన్నారు.

శుక్రవారం కషాయం తాగించాను. శనివారం వెళితే, కొంచెం నయమే అన్నారు. అబద్ధం చెప్పలేరన్నాను కదా. నా కోసం చెప్పారు. ఆదివారం వెళ్లేసరికి మేడ తలుపుకు తాళం. ముందు ఊళ్లో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారట, ఆయన సెలైన్ పెట్టారట. ఏం తిన్నారంటే ఆవిడే చేప అని చెప్పేశారట. అక్కడి నుంచి రాజమండ్రి. అక్కడ కార్డు చూసి అణిచే మందు మొదలుపెట్టారు గాని, అప్పటికే పేగుకు చిల్లు పడిందన్నారు. వారం ఉన్నారు. ఆ వారమంతా నేను తాళం వేసిన మెట్ల మీద రోజూ కాసేపు కూర్చుని వచ్చాను. చివరిసారి వెళ్లిన రోజే షామియానా.

అందుకే అంటున్నాను, చేప కాదు. చేప ఏ పాపమూ చెయ్యలేదు. మందు కూడా కాదు. నా చెయ్యి. ఆగకూడని చోట ఆపింది. ఇది చెప్పడానికి నాకు నెల పట్టింది.

సుబ్బారావు గారు రాయడం మానేసి కూర్చున్నారు.

“ఇది పుస్తకంలో వెయ్యరు సత్తెమ్మా.”

“ఎందుకు వెయ్యరు?”

“మేడమ్ గారి పుస్తకం కదా. నీ మీదికి నువ్వే తెచ్చుకోవడం ఎందుకు?”

“ఆ మందు ఇంకెంత మంది ఒళ్లల్లోకి దిగుతోందో మీకు తెలుసా? వాళ్ల ఇళ్లల్లో నా లాంటి తెలివిగలది ఒకత్తి దానిమ్మ తొక్క పట్టుకుని కూర్చుని ఉండదా? రాయండి.”

రాశారు.

ఇక ఒక్క సంగతి ఉంది. పెద్దకర్మ అయిపోయాక తమ్ముడు గారి కొట్టుకు వెళ్లాను. గంప తీసుకెళ్లలేదు. ఆయన పెసరపప్పు పొట్లం కడుతున్నారు. నన్ను చూసి మొహం దించుకున్నారు.

“ఏం కావాలి?”

“ఏమీ వద్దండి. చెప్పడానికి వచ్చాను.”

కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు వింటున్నా సరే, మొత్తం చెప్పాను. ఫోన్, చెయ్యి, కషాయం, మూడు రోజులు. ఆయన పొట్లానికి దారం చుడుతూనే ఉన్నారు. చుట్టి చుట్టి అది పొట్లమో దారపుండో తెలియకుండా అయింది. కొన్న మనిషి అలాగే పట్టుకుపోయాడు.

అందరూ వెళ్లాక ఆయన అన్నారు: “చేప కాదని రాజమండ్రిలో రెండో రోజే చెప్పారు, సత్తెమ్మా.”

నాకు ఒళ్లు మండింది. “చెబితే మరి నలుగురిలో నన్నెందుకు అలా అన్నారండీ?”

“ఎప్పుడు మొదలైందని డాక్టరు నన్ను అడిగారు. నేను కింద గదిలోనే పడుకుంటాను. మేడ మీద నీళ్ల చప్పుడు మూడు రాత్రులూ విన్నాను. పెద్దది, అక్క, ఆడమనిషి. కడుపు సంగతి తమ్ముడు ఎలా అడుగుతాడు? పొద్దున్న కాఫీ తీసుకెళ్లి, బాగున్నావా అన్నాను. బాగున్నానురా అంది. అంతే. అంతకు మించి అడగలేదు.” తక్కెడ పళ్లాన్ని చేత్తో తుడిచారు, అది శుభ్రంగానే ఉంది. “ఎవరి మీదో ఒకరి మీద వేస్తే గానీ నాకు నిద్ర పట్టలేదు. నువ్వు దొరికావు.”

“దొరికానులెండి. కానీ మీ వంతు నేను మొయ్యను. నా వంతే నాకు చాలు. మీది మీరు మోసుకోండి.”

“అంతేనంటావా?”

“అంతేనండి. పొట్లాలు మాత్రం కాస్త చూసి కట్టండి.”

ఆయన నవ్వబోయి, నవ్వలేక, కొంగు లేని మగవాడు కాబట్టి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తరువాత అడిగారు, మా అబ్బాయి బోటు ఖాళీగా ఉంటుందా అని. అస్థికలు కొన్ని రాజమండ్రిలో కలిపారు. మిగిలినవి వశిష్ఠ సముద్రంలో కలిసే చోట వదలమని ఆవిడ కోరారట.

మొన్న పొద్దున్న వెళ్లాం. నా కొడుకు ఇంజను పట్టుకున్నాడు. తమ్ముడు గారు జన్మలో బోటు ఎక్కలేదు. చెక్కను రెండు చేతులతో పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. ఆ కళ్లు మూసుకోవడం అచ్చం అక్కదే. నేను అటు తిరిగిపోయాను. నది సముద్రంలో కలిసే మొగ దగ్గరకు వచ్చాక మావాడు ఇంజను ఆపేశాడు. అక్కడ నీళ్లు రెండు రంగులు. ఇటు మట్టిరంగు, అటు పచ్చటి నీలం. మధ్యలో గీత గీసినట్టు నురగ. ఆ గీత నిలబడదు, ఒకసారి ఇటు జరుగుతుంది, ఒకసారి అటు. ఎండ ఇంకా పూర్తిగా రాలేదు. ఆకాశం అంచు ఎక్కడో తెలియడం లేదు.

ఆయన వంగి, ముంత నీళ్లకు ఆనించి వంచారు. బూడిద పల్చటి తెరలా పరుచుకుంది, మునగలేదు. ఎక్కడి నుంచి వచ్చాయో, వేలెడంత చేపపిల్లలు గుంపుగా వచ్చాయి. ఒంట్లోంచి వెలుతురు అవతలికి కనపడేంత లేతవి. ఒక్కొక్కటే పైకి తేలి, ఆ బూడిదను మూతితో ముట్టి, ఒక్క క్షణం అలాగే ఆగి, పక్కకు తప్పుకుంటోంది. దాని వెనకది వచ్చి ముట్టి, అదీ తప్పుకుంటోంది. నీటి వాలుకు తెర మెల్లగా గీత దాటి నీలంలోకి జరుగుతోంది. అవీ దాని వెంటే జరుగుతున్నాయి, ముట్టుకుంటూ, వదులుతూ.

నేను చెప్పిందే రాశారని రెండుసార్లు చదివించుకుని విన్నాను. తగ్గించినవి ఏవీ లేవు. అందుకు గుర్తుగా నా ఎడమ బొటనవేలు సిరాలో ముంచి ఇక్కడ వేశాను.

లంకె సత్తెమ్మ వేలిముద్ర

చూసినవారు:
నక్కా సుబ్బారావు, రాసినవాడిని
కొత్త వెంకటరత్నం, మేడమ్ గారి తమ్ముణ్ణి